ఫిన్లాండ్ అడవిలో బెర్రీలు కోయడం: రంగు చూసి కాదు, ఆకు చూసి

జులై మూడో వారం దాటిందంటే హెల్సింకీ పక్కనే ఉన్న ఎస్పూలో, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో బకెట్లు కనిపించడం మొదలవుతుంది. పొద్దున ఖాళీ బకెట్లు, సాయంత్రం నిండు బకెట్లు. పట్టుకున్నవాళ్ళ వేళ్ళు మాత్రం నేరేడుపళ్ళు తిన్న పిల్లల నాలుకల్లా ఊదారంగులో ఉంటాయి. వచ్చిన కొత్తలో నేను సూపర్‌మార్కెట్‌లో డబ్బా కొనుక్కుని అదే బ్లూబెర్రీ అనుకుని తినేవాణ్ణి. మా పక్కింటి పెద్దావిడ ఒకరోజు ఆ డబ్బాలోంచి ఒక పండు తీసి గోటితో చీల్చి, లోపలి తెల్లని గుజ్జు చూపించి తల అడ్డంగా ఊపింది. మరుసటి శనివారం నన్ను అడవికి తీసుకెళ్ళింది. ఈ వ్యాసంలో ఉన్నదాంట్లో సగం ఆవిడ నేర్పినదే. మిగతా సగం నా పొరపాట్లు నేర్పాయి.

ఇక్కడికి చదువుకో ఉద్యోగానికో వచ్చిన తెలుగువాళ్ళలో చాలామంది అడవి దాకా వెళ్తారు, ఫొటోలు తీసుకుంటారు, పండు ముట్టుకోవడానికి మాత్రం భయపడతారు. భయం మంచిదే. ఊళ్ళో రేగుపళ్ళు, ఈతపళ్ళు, కలేకాయలు మనకు ఎవరూ పాఠంలా చెప్పలేదు, అన్నయ్యల వెనకాల తిరిగి నేర్చుకున్నాం. ఇక్కడ ఆ అన్నయ్యలు లేరు కాబట్టి పద్ధతిగా నేర్చుకోవాలి.

ముందుగా: కోసే హక్కు మీకుందా?

ఉంది. ఇది చాలామంది నమ్మరు. ఫిన్లాండ్‌లో అడవి ఎవరి సొంతమైనా సరే, అందులో నడవడానికి, బెర్రీలూ పుట్టగొడుగులూ కోసుకోవడానికి యజమాని అనుమతి అక్కర్లేదు. పౌరసత్వంతో పని లేదు, వారం రోజుల కోసం వచ్చిన టూరిస్టుకైనా ఇదే హక్కు. కోసిన అడవి పండ్లు అమ్ముకుంటే వచ్చే డబ్బుకు ఆదాయపు పన్ను కూడా లేదు.

హద్దులు కొన్ని ఉన్నాయి. ఇళ్ళ పెరళ్ళు, వాటి చుట్టుపక్కల స్థలం, సాగులో ఉన్న పొలాలు మనవి కావు. నిప్పు రాజేయాలంటే స్థలం యజమాని అనుమతి కావాలి. నాచు, చెట్ల కొమ్మలు తెంపకూడదు. బండిని రోడ్డు దిగి అడవిలోకి పోనివ్వకూడదు. నేషనల్ పార్కుల్లో మామూలుగా బెర్రీలు కోయనిస్తారు. ఎస్పూ పక్కనే ఉన్న నూక్సియోలో కోయవచ్చు, కాకపోతే అడుగుపెట్టకూడని చోట్ల బోర్డులుంటాయి, చూసుకోవాలి. నార్వే వెళ్ళేవాళ్ళకు ఒక మాట: అక్కడి ఉత్తర జిల్లాల్లో క్లౌడ్‌బెర్రీ విషయంలో యజమాని అడ్డు చెప్పవచ్చు. అప్పుడు కూడా అక్కడే నిలబడి తినొచ్చు, ఇంటికి మాత్రం పట్టుకెళ్ళకూడదు. ఈ రూలు రాసినవాడికి చిన్నప్పుడు మామిడితోట అనుభవం ఉండే ఉంటుంది.

ఏది ఎప్పుడు

పండ్లు ఒకేసారి రావు. జులైలో అడవి స్ట్రాబెర్రీ, ఆ నెలాఖరుకు దక్షిణాన బిల్‌బెర్రీ, అంటే ఇక్కడి అడవి బ్లూబెర్రీ, దాదాపు అదే సమయంలో రాస్ప్‌బెర్రీ, ఉత్తరాన క్లౌడ్‌బెర్రీ. ఆగస్టు చివర నుంచి సెప్టెంబరంతా లింగన్‌బెర్రీ. సెప్టెంబరు, అక్టోబరుల్లో చిత్తడి నేలల మీద క్రాన్‌బెర్రీ. దేశం పొడుగు వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉంది కాబట్టి, హెల్సింకీలో పండినప్పుడు ఉత్తర కొసన లాప్‌లాండ్‌లో ఇంకా పచ్చిగానే ఉండొచ్చు.

మొదటి ఏడాది అన్నీ కోయాలని చూడకండి. ఒక్క బిల్‌బెర్రీతో మొదలుపెట్టండి. దాన్ని కళ్ళు మూసుకుని గుర్తుపట్టేంతగా నేర్చుకున్నాక రెండోదాని దగ్గరికి వెళ్ళండి. కావలసింది ఆశ కాదు, ఓపిక.

ముస్తిక్క: మొదటి పాఠం

బిల్‌బెర్రీని ఇక్కడివాళ్ళు ముస్తిక్క అంటారు. మోకాలి దాకా కూడా రాని చిన్న పొద. గుర్తుపట్టడం పండుతో మొదలుపెట్టకండి. ముందు చెట్లు చూడండి. క్రిస్మస్ చెట్టులా కింద దాకా కొమ్మలుండే స్ప్రూస్ అడవి కావాలి, నేల కాస్త తేమగా, మెత్తటి నాచుతో ఉండాలి. మరీ చీకటిగా ఉన్న చోట పొదలుంటాయి కానీ కాయలుండవు. చెట్ల మధ్య ఎండ పడే సందులు వెతకండి.

తర్వాత కాడ. ముస్తిక్క కాడ పచ్చగా ఉంటుంది, గుండ్రంగా కాకుండా అంచులు తేలి ఉంటుంది. వేళ్ళ మధ్య దొర్లిస్తే ఆ అంచులు తెలుస్తాయి. ఆకులు పలుచన, లేతాకుపచ్చ, అంచుల్లో సన్నటి పళ్ళు. పండ్లు గుత్తులుగా కాదు, ఆకు మొదట్లో ఒక్కొక్కటిగా ఉంటాయి. చివరి పరీక్ష: నలిపి చూడండి. లోపలి గుజ్జు కూడా ముదురు ఎరుపు, ఊదా కలిసిన రంగులో ఉండి వేలికి అంటుకోవాలి.

అంటుకోకపోతే? అది యువొలుక్క అయ్యుండొచ్చు, అంటే బాగ్ బిల్‌బెర్రీ. నా మొదటి బకెట్‌లో మూడో వంతు అదే. కాడ గోధుమరంగులో గుండ్రంగా, ఆకు నీలిఛాయతో, గుజ్జు తెల్లగా ఉంటాయి. విషం కాదు, తినొచ్చు, కానీ రుచి చప్పన. పెద్దావిడ నా బకెట్ చూసి ఏమీ అనలేదు, గుప్పెడు తీసి ఒక్కొక్కటే పక్కన పెడుతూ పోయింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

పువొలుక్క: పుల్లటి చుట్టం

లింగన్‌బెర్రీ పేరు ఇక్కడ పువొలుక్క. దీనికి స్ప్రూస్ కంటే పైన్ అడవి ఇష్టం. పైన్ మాను పైభాగం నారింజరంగులో మెరుస్తుంది, నేల పొడిగా, వెలుతురుగా ఉంటుంది. ఆకులు దళసరిగా, తోలులా, నున్నగా ఉండి చలికాలంలో కూడా రాలవు. ఆకు తిప్పి కిందివైపు చూడండి: చిన్న చిన్న ముదురు చుక్కలుండాలి. ఈ చుక్కలే అసలు గుర్తు. దీనిలాగే నేల మీద పాకే సియన్‌పువొలుక్క అనేది ఒకటుంది, పేరుకు అర్థం పంది పువొలుక్క. దాని ఆకు కింద చుక్కలుండవు, వల అల్లినట్టు గీతలుంటాయి. పండు పిండిపిండిగా, ఏ రుచీ లేకుండా ఉంటుంది. తింటే ప్రమాదం లేదు, పేరు పెట్టినవాళ్ళు అబద్ధం చెప్పలేదు అంతే.

పువొలుక్కతో తొందరపడకూడదు. పైనుంచి ఎర్రగా కనిపిస్తుంది, గుత్తి తిప్పితే కింది చెంప తెల్లగా ఉంటుంది. రెండు చెంపలూ ఎర్రబడేదాకా ఆగండి. ఈ పండులో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉంటుంది, మనం సీసాల్లో వచ్చే జ్యూసులకూ సాసులకూ కలిపే నిల్వ పదార్థం ఈ జాతిదే. అందుకే ఫ్రిజ్ లేని రోజుల్లోనూ ఇక్కడివాళ్ళకు చలికాలమంతా ఈ పండు దొరికేది. ఆ సంగతి నిల్వ దగ్గర చెప్తాను.

హిల్ల: చోటు ఎవరూ చెప్పరు

క్లౌడ్‌బెర్రీకి ఫిన్నిష్‌లో ఒక్క పేరు చాలలేదు. హిల్ల, లక్క, సువోమూరైన్ అన్నీ అదే. లక్క అని మొదటిసారి విన్నప్పుడు మన ముద్రల లక్క గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఫిన్లాండ్ ముద్రించిన రెండు యూరోల నాణెం మీద ఉన్నది ఈ పండూ దీని ఆకులే, మీ పర్సులో ఉందేమో చూడండి.

ఇది సువో మీద, అంటే చిత్తడి నేల మీద పెరుగుతుంది. ఒక కాడకు ఒక్కటే పండు. మొక్కల్లో ఆడవి వేరు, మగవి వేరు, కాబట్టి పూలు కనిపించినంత మాత్రాన కాయలు ఖాయం కాదు. జూన్‌లో పూత మీద మంచు పడినా, చలివానకు తేనెటీగలూ ఈగలూ బయటికి రాకపోయినా ఆ ఏడాది పంట పోయినట్టే. దాని ధర ఎక్కువ ఉండటానికి ఇవన్నీ కారణాలే.

రంగు మోసం చేసేది ఇక్కడే. మనకు ఎరుపంటే పండినట్టు. హిల్ల మాత్రం పచ్చిగా ఉన్నప్పుడు ఎర్రగా, గట్టిగా ఉంటుంది, పండాక పసుపు కలిసిన నారింజరంగుకు మారి మెత్తబడుతుంది. లాప్‌లాండ్‌లోని రోవనియెమికి వెళ్ళిన ఏడాది నేను ఎర్రటివి ఏరి ఏరి డబ్బా నింపాను. ఒక్కటీ తినలేకపోయాం. రంగు మీద నమ్మకం లేకపోతే పండు కింది పచ్చటి రేకులు చూడండి. పచ్చి పండును అవి గుప్పిట్లా పట్టుకుని ఉంటాయి, పండాక వెనక్కి విచ్చుకుంటాయి. లాగితే సులువుగా ఊడిరావాలి.

సువో మీద నడవడం అలవాటు లేనివాళ్ళు ఒంటరిగా వెళ్ళకండి. రబ్బరు బూట్లు తప్పనిసరి. పొట్టి పైన్ చెట్లూ పొదలూ ఉన్న చోట నేల కాస్త గట్టిగా ఉంటుంది. చదునుగా, చెట్టన్నది లేకుండా, నీళ్ళు మెరుస్తున్న చోట అడుగు వేయకండి. దోమల గురించి చెప్పనక్కర్లేదు, కోనసీమలో పెరిగిన నేనే తల మీద వల వేసుకున్నాను. ఇంకొకటి: మంచి హిల్ల ఎక్కడ దొరుకుతుందని స్థానికులను అడక్కండి. జీతం ఎంతని అడిగినా చెప్తారేమో కానీ, ఆ చోటు చెప్పరు.

మిగతావి

క్రాన్‌బెర్రీని కర్పలో అంటారు. దారంలాంటి తీగ మీద, నాచులో సగం మునిగి ఉంటుంది. మంచు పడ్డాక పులుపు కాస్త తగ్గుతుంది, మంచు కరిగిన వసంతంలో కూడా ఏరుకోవచ్చు. నల్లటి క్రోబెర్రీ, అంటే కాకి పండు, నీళ్ళగా, గింజలతో ఉంటుంది, జ్యూసుకు బాగుంటుంది. పశ్చిమ సముద్రతీరంలో ముళ్ళపొదల మీద నారింజరంగు సీబక్‌థార్న్ కాస్తుంది. మన లదాఖ్‌లో లేహ్ బెర్రీ పేరుతో దొరికేది కూడా ఇదే, అంత దూరం నుంచి చుట్టరికం.

వీధివీధినా కనిపించే రోవన్ చెట్టు ఎర్రగుత్తులు పచ్చివి తింటే కడుపు తిప్పుతుంది, ఉడికించి జెల్లీ చేస్తారు. ఈ పండు మీద ఇక్కడొక సామెత ఉంది: పుల్లనివి, అన్నదట నక్క రోవన్ పండ్లను చూసి. మనకు అందని ద్రాక్ష పుల్లన, వీళ్ళకు అందని రోవన్ పుల్లన.

ముట్టుకోకూడనివి

ఈ భాగం వేగంగా చదవకండి. పిల్లలుంటే వాళ్ళకు ఫొటోలు చూపించి మరీ చెప్పండి.

సుదెన్‌మర్య, అంటే తోడేలు పండు. ముస్తిక్క పెరిగే అడవుల్లోనే ఉంటుంది. నిటారుగా ఒకే కాడ, దాని మీద మామూలుగా నాలుగు పెద్ద ఆకులు శిలువలా, మధ్యలో ఒకే ఒక్క నీలినలుపు పండు. చూడటానికి పెద్ద ముస్తిక్కలా ఉంటుంది, అదే ప్రమాదం. ముస్తిక్క పొదకు చిన్న ఆకులు బోలెడు, దీనికి నాలుగే. ఆకు చూసేవాడు ఇక్కడ పొరపాటు పడడు, పండు చూసేవాడు పడతాడు.

కియెలో, అంటే లిల్లీ ఆఫ్ ద వ్యాలీ. ఫిన్లాండ్ జాతీయ పుష్పం. వసంతంలో తెల్లటి గంటల్లాంటి పూలు, శరదృతువులో నారింజ ఎరుపు పండ్లు. మొక్క మొత్తం విషమే, గుండె మీద పనిచేసే విషం. పూలు పెట్టిన గ్లాసులోని నీళ్ళు కూడా తాగకూడదు.

న్యాసియా అనే పొద పండ్లు కొమ్మకు అతుక్కుని, మెరిసే ఎరుపులో, పిల్లల చెయ్యి లాగేంత అందంగా ఉంటాయి. కొద్ది పండ్లే చాలు ప్రాణం మీదికి రావడానికి. బేన్‌బెర్రీ నల్లటి గుత్తి మెరుస్తూ కాడ చివర ఉంటుంది, అదీ విషమే.

ఎవరైనా తినేశారని తెలిస్తే వాంతి చేయించకండి. ఫిన్లాండ్ విష సమాచార కేంద్రం నంబరు 0800 147 111, ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది. మనిషి పరిస్థితి బాగోలేకపోతే నేరుగా ఎమర్జెన్సీ నంబరు 112కు ఫోన్ చేయండి. తిన్న మొక్క కొమ్మ ఒకటి ఆకులతో సహా దగ్గర ఉంచుకోండి. పక్షులు తింటున్నాయి కదా అన్న లెక్క పనికిరాదు, వాటి కడుపు వేరు, మన కడుపు వేరు.

బయల్దేరే ముందు

మూతున్న బకెట్ ఒకటి, నడుముకు కట్టుకునే చిన్న డబ్బా ఒకటి. మూత ఎందుకంటే, నాచు కింద దాగిన రాయి మీద కాలు జారి రెండు గంటల కష్టాన్ని నేను నేల మీద పోసుకున్నాను. ఎర్రమట్టిలో పడ్డ రేగుపళ్ళైతే ఏరుకోవచ్చు, నాచులో దూరిన ముస్తిక్కలను ఏరలేరు.

ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. కారణం పేలులాంటి చిన్న పురుగు, టిక్. దాని కాటుతో లైమ్ జబ్బు, మెదడువాపు రావచ్చు. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, చంకల్లో, పిల్లలకైతే తలలో కూడా వెతకండి. కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగేయండి. మెదడువాపు రకానికి టీకా ఉంది. పాముల్లో విషమున్నది ఒక్కటే, క్యూ అంటారు. బూట్లు వేసుకుని చప్పుడు చేస్తూ నడిస్తే అదే తప్పుకుంటుంది.

దారి తప్పడం అందరూ తేలిగ్గా తీసుకునే విషయం. తల వంచి ఒక పొద నుంచి ఇంకో పొదకు వెళ్తూ ఉంటే అరగంటలో దిక్కు తెలియదు, అడవి అన్నివైపులా ఒకేలా ఉంటుంది. ఫోన్‌లో 112 సువోమి యాప్ వేసుకోండి, ఆపదలో దాన్నుంచి ఫోన్ చేస్తే మీరున్న చోటు వాళ్ళకు తెలుస్తుంది. బండి ఆపిన చోటు మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి, ఫోన్ ఛార్జ్ నిండుగా ఉంచుకోండి. శరదృతువు వేటల సీజన్ కాబట్టి మెరిసే నారింజ చొక్కా వేసుకోవడం మంచిది.

కోత

కొత్తవాళ్ళు మొదటిరోజు చేత్తోనే కోయాలి. ఒక లీటరు నిండేసరికి ఆకూ కాడా చేతికి తెలిసిపోతాయి. తర్వాత పొయిమురి కొనుక్కోండి. దువ్వెన పళ్ళున్న చేటలాంటి పనిముట్టు. పొద కింది నుంచి పైకి నెమ్మదిగా దువ్వితే పండ్లు లోపల పడతాయి. గట్టిగా గుంజితే కొమ్మలు విరుగుతాయి, ఆకులు రెట్టింపు వస్తాయి. హిల్లకు, స్ట్రాబెర్రీకి ఇది పనికిరాదు, అవి ఒక్కొక్కటే చేత్తో తీయాలి. వాన పడ్డ వెంటనే ముస్తిక్కకు వెళ్ళకండి, తడి ఆకులు పండుకు అంటుకుని వదలవు. పెద్ద రోడ్ల పక్కన కోయకండి.

ఏరడం, దాచడం

ఇంటికొచ్చాక అసలు పని. ఇక్కడ దీనికి వాలుజల్లెడలు అమ్ముతారు. నేను మాత్రం మా అమ్మ పంపిన చాట వాడతాను. పువొలుక్క లాంటి గట్టి పండును చాటలో చెరిగితే ఆకులన్నీ ముందుకు ఎగిరిపోతాయి. బాల్కనీలో గాలి ఉంటే ఒక బకెట్ నుంచి ఇంకో బకెట్‌లోకి పోస్తూ తూర్పారబట్టవచ్చు. కింది ఫ్లోరువాళ్ళు ఒకసారి తల పైకెత్తి చూశారు, అంతే. ముస్తిక్క మెత్తన కాబట్టి చెరగకూడదు. తడిపి పిండిన తువ్వాలు వాలుగా పరిచి దాని మీద దొర్లించండి, పండు జారిపోతుంది, ఆకు తువ్వాలుకు అంటుకుంటుంది.

ముస్తిక్కను కడగకుండా, పళ్ళెంలో పలుచగా పరిచి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత సంచుల్లో నింపండి. ముందే సంచిలో పోస్తే ముద్దవుతుంది. మైనస్ 18 డిగ్రీల్లో మళ్ళీ ఏడాది పంట వచ్చేదాకా ఉంటుంది. పువొలుక్కకు ఫ్రీజర్ కూడా అక్కర్లేదు. శుభ్రమైన గాజుసీసాలో పండ్లు నింపి, కొన్నింటిని నలిపి, కాచి చల్లార్చిన నీళ్ళు పండ్లు మునిగేలా పోసి చల్లటి చోట పెడితే వసంతం దాకా నిలుస్తుంది. ఉప్పు లేదు, నూనె లేదు, చక్కెర లేదు. ఊరగాయలు పెట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది నమ్మబుద్ధి కాదు, నాకూ కాలేదు.

వంటింట్లో

ఫిన్నులు ముస్తిక్కతో ‘పై’ అనే తీపి వంటకం చేస్తారు, పువొలుక్క నలిపి చక్కెర కలిపి రెయిండీర్ మాంసంలో నంజుకుంటారు, హిల్ల జామ్‌ను లెయిపాయూస్తో అనే జున్ను మీద వేసుకుంటారు. మూడూ బాగుంటాయి. కానీ మనింట్లో పువొలుక్క వాక్కాయ చేసే పని చేస్తుంది. అమెరికా తెలుగువాళ్ళు క్రాన్‌బెర్రీతో పప్పు, పులిహోర ఎప్పటినుంచో చేస్తున్నారు, ఇది దాని చెల్లెలు.

పప్పుకు: కప్పు కందిపప్పు విడిగా మెత్తగా ఉడికించుకోండి. ముప్పావు కప్పు పువొలుక్క, నాలుగు పచ్చిమిరపకాయలు, పసుపు వేరే గిన్నెలో పండ్లు చిట్లేదాకా మగ్గించండి. రెండూ కలిపి ఒకేసారి కుక్కర్లో పెడితే పులుపుకు పప్పు ఉడకదు. తర్వాత కలిపి ఉప్పు వేసి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువతో పోపు పెట్టండి. ఈ పండులో పులుపు వెనక చిన్న చేదు ఉంటుంది, గోలీకాయంత బెల్లం వేస్తే సర్దుకుంటుంది.

పచ్చడికి: రెండు కప్పుల పండ్లు నూనెలో మగ్గించి, కారం, ఉప్పు, వేయించిన మెంతులూ ఆవాల పొడి కలపాలి. ఈ పండులో జామ్ గట్టిపడే గుణం ఎక్కువ. పొయ్యి మీద ఇంకా పలుచగా ఉందే అనిపిస్తున్నప్పుడే దించేయండి. నేను మొదటిసారి గట్టిపడేదాకా ఉంచితే, మర్నాటికి చెంచా దిగలేదు.